ఉండనివ్వరు, పోనివ్వరు: అరవై లక్షల మంది ఊరెందుకు వదిలారు?

 ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడేటప్పుడు సమయం చాలక వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని కలిపి మొత్తం కథ ఇక్కడ రాస్తున్నాం. ఎపిసోడ్ ఇంకా వినని వాళ్ళు ముందు ఇది చదివినా ఇబ్బంది లేదు.

1916వ సంవత్సరం. అమెరికాలో జార్జియా రాష్ట్రం, మేకన్ అనే పట్టణం. అక్కడి మున్సిపల్ కౌన్సిల్ ఒక లైసెన్సు ఫీజు పెట్టింది. ఊళ్ళోంచి కూలీలను బయటి రాష్ట్రాలకు పనికి తీసుకెళ్ళే ఏజెంట్ ఎవరైనా సరే, ముందు 25,000 డాలర్లు కట్టాలి. అప్పట్లో పొలం పనికి వెళ్ళే మనిషికి రోజు కూలి ఒక డాలరు కూడా ఉండేది కాదు. అంటే ఆ కూలీ ఒక జీవితకాలం పనిచేసినా కూడబెట్టలేని సొమ్ము. డబ్బు కడితే సరిపోదు. పదిమంది స్థానిక పాస్టర్లు, పదిమంది ఫ్యాక్టరీ యజమానులు, పాతికమంది వ్యాపారులు ఆ ఏజెంట్ మంచివాడని సిఫార్సు చెయ్యాలి. ఎవరూ లైసెన్సు తీసుకోకూడదనే ఆ లైసెన్సు పెట్టారన్నమాట.

ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ కూడా అలాంటి ఫీజే పెట్టింది, అక్కడ వెయ్యి డాలర్లు. కొన్ని ఊళ్ళలో పోలీసులు రైల్వే స్టేషన్లకు వెళ్ళి, టికెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్ళను కూడా అరెస్టు చేశారు.

ఎవరిని ఆపడానికి ఇదంతా? నల్లజాతి కూలీలను. ఓటు వెయ్యనివ్వని, బడిలో పక్కన కూర్చోనివ్వని, ఒకే నల్లా దగ్గర నీళ్ళు తాగనివ్వని మనుషులను. మీరు మాకు సమానం కాదని రోజూ చెప్పిన ఊరు, వాళ్ళు వెళ్ళిపోతామనేసరికి ఎందుకంత కంగారు పడింది? ఈ ప్రశ్నతో మొదలుపెడితే వలస గురించి మనకు చిన్నప్పటి నుంచి చెప్పిన సమాధానం, "పొట్టకూటి కోసం పోతారు" అన్నది, సగమే నిజమని తెలుస్తుంది.

పేదరికమే కారణమైతే, యాభై ఏళ్ళు ఎందుకు ఆగారు?

ముందు లెక్క చూద్దాం. 1910 ప్రాంతంలో అమెరికాలోని నల్లజాతి ప్రజల్లో పదిమందికి తొమ్మిదిమంది దక్షిణాది రాష్ట్రాల్లోనే ఉండేవాళ్ళు. 1970 నాటికి దాదాపు సగం మంది దక్షిణాది బయట ఉన్నారు. ఈ అరవై ఏళ్ళలో సుమారు 60 లక్షల మంది మిసిసిపి, జార్జియా, అలబామా, లూసియానా లాంటి చోట్ల నుంచి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలిస్ లాంటి నగరాలకు వెళ్ళారు. చరిత్రలో దీన్ని గ్రేట్ మైగ్రేషన్ అంటారు. సరిహద్దు దాటలేదు, వీసా లేదు, పాస్‌పోర్ట్ లేదు. అంతా ఒకే దేశంలో.

బానిసత్వం 1865లోనే రద్దయింది. ఆ తర్వాత కూడా దక్షిణాదిలో బతుకు దుర్భరమే. చేతిలో భూమి లేదు కాబట్టి పాలుకు సాగు చెయ్యడమే దారి. దొర భూమి ఇస్తాడు, విత్తనం ఇస్తాడు, తిండిగింజలు తన కొట్లోనే అరువిస్తాడు. పత్తి తూకం వేసేది ఆయనే, ఖాతా రాసేది ఆయనే. ఏడాది చివర లెక్క చూసేసరికి రైతే దొరకు బాకీ తేలతాడు. ఆ బాకీ తీరేదాకా కదలడానికి లేదు. అలబామాలో అడ్వాన్సు తీసుకుని పని మధ్యలో మానేసిన కూలీని నేరస్తుడిగా చూసే చట్టం ఉండేది. 1911లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఊళ్ళలో పద్ధతి మాత్రం అంత తొందరగా మారలేదు. అడ్వాన్సు, అప్పు, మేస్త్రీ అనే మాటలు వింటూ పెరిగినవాళ్ళకు ఇందులో వివరించి చెప్పాల్సింది ఏమీ లేదు.

1890లో మిసిసిపి కొత్త రాజ్యాంగం రాసుకుని, చదువు పరీక్ష, ఓటు పన్ను పేరుతో నల్లవాళ్ళ ఓటు తీసేసింది. మిగతా దక్షిణాది రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 1896లో రైళ్ళలో వేరు డబ్బాలు చట్టబద్ధమే అని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

అంటే కష్టం 1916లో కొత్తగా రాలేదు. మరి 1880లోనో 1895లోనో జనం ఎందుకు కదల్లేదు? కొందరు కదిలారు. 1879లో వేలమంది నల్లజాతి కుటుంబాలు మిసిసిపి నది మీదుగా కాన్సస్ వైపు బయలుదేరాయి. భూమి దొరుకుతుందని ఆశ. ఆ కదలిక కొన్నాళ్ళకే ఆగిపోయింది. అవతల వాళ్ళందరికీ సరిపడా భూమి లేదు, పని లేదు, ఆదుకునే వాళ్ళు తక్కువ.

ఉత్తరాదిలో ఫ్యాక్టరీలు లేవా అంటే, ఉన్నాయి. కానీ వాటి గేటు దగ్గర వేరే వరస ఉంది. 1880 నుంచి 1914 దాకా యూరప్ నుంచి రెండు కోట్ల మందికి పైగా అమెరికాకు వచ్చారు. ఇటలీ నుంచి, పోలండ్ నుంచి, రష్యా నుంచి. ఫ్యాక్టరీ యజమానులకు ఓడ దిగినవాళ్ళతోనే పని గడిచిపోయేది. మిసిసిపి కూలీని పిలవాల్సిన అవసరమే వాళ్ళకు రాలేదు. ఎంత పేదరికం ఉన్నా, వెళ్ళే చోట తలుపు తెరుచుకోకపోతే మనిషి ఊళ్ళోనే ఉండిపోతాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

తలుపు తెరిచిన యుద్ధం

1914లో యూరప్‌లో యుద్ధం మొదలైంది. ఆ ఏడాది అమెరికాకు వచ్చిన వలసదారులు 12 లక్షలకు పైనే. 1918లో వచ్చినవాళ్ళు ఒక లక్షా పదివేలు. యుద్ధానికి ఉక్కు కావాలి, మాంసం డబ్బాలు కావాలి, రైళ్ళు నడవాలి, కానీ మనుషులు లేరు. అప్పుడు ఉత్తరాది కంపెనీలు మొదటిసారి దక్షిణం వైపు చూశాయి. 1916లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ లాంటి కంపెనీలు ఏజెంట్లను పంపి, ఉచితంగా టికెట్లిచ్చి వేలమందిని తీసుకెళ్ళాయి. దక్షిణాదిలో డాలరు లోపు కూలి దొరికే మనిషికి అక్కడ రెండు డాలర్లు, మూడు డాలర్లు, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువ. డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ 1914 జనవరిలోనే రోజుకు ఐదు డాలర్లు ప్రకటించాడు.

ఇటు దక్షిణాదిలో అదే సమయానికి పత్తికి తెగులు పట్టింది. బోల్ వీవిల్ అనే ముక్కు పురుగు పత్తికాయను లోపల నుంచి తొలిచేస్తుంది. 1892 ప్రాంతంలో మెక్సికో వైపు నుంచి టెక్సాస్‌లోకి దిగి, ఏటా కొంత కొంత తూర్పుకు జరుగుతూ, 1915 నాటికి జార్జియా చేరింది. పత్తి పోతే పాలు రైతుకు అప్పు కూడా పుట్టదు. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ పత్తి రైతు బిడ్డలకు పురుగు పట్టిన చేను ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

ఇదంతా విన్నాక కూలి తేడా వల్లే కదిలారని అనిపించవచ్చు. కాదనను. కానీ అదొక్కటే కాదు. దానికి సాక్ష్యం ఒక ధనవంతుడి కథ.

427 ఎకరాల ఆసామి

సౌత్ కరోలినాలో అబెవిల్ అనే ఊరు. ఆంథనీ క్రాఫర్డ్ అక్కడ 427 ఎకరాల సొంత పొలం ఉన్న నల్లజాతి రైతు. పెద్ద కుటుంబం, చర్చిలో, సమాజంలో మంచి పలుకుబడి. 1916 అక్టోబర్ 21న పత్తి గింజలు అమ్మడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. ధర దగ్గర ఒక తెల్ల వ్యాపారితో మాట పెరిగింది. తన సరుకుకు తాను అడిగిన ధర ఇవ్వమన్నాడు, తగ్గలేదు. ఆ రోజే ఒక మూక ఆయనను కొట్టి, ఈడ్చుకెళ్ళి, ఉరేసి చంపేసింది. ఎవరికీ శిక్ష పడలేదు. తర్వాత ఆ కుటుంబం చెదిరిపోయింది, చాలామంది ఉత్తరాదికి వెళ్ళిపోయారు.

క్రాఫర్డ్ కుటుంబం కూలి కోసం కదల్లేదు. వాళ్ళకు భూమి ఉంది, పంట ఉంది. లేనిది భద్రత. ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ అనే సంస్థ 1877 నుంచి 1950 వరకు ఇలా మూకలు చంపిన నల్లజాతి వారి వివరాలు సేకరించింది. 4,400 మందికి పైగా తేలారు. కష్టపడి పైకొచ్చినా కాపాడుకోలేని చోట, కష్టపడమని పిల్లలకు చెప్పడం కూడా కష్టమే. చాలా కుటుంబాలు కదిలింది ఇక్కడే. జీతం ఎంత అన్నదాని కన్నా, సంపాదించింది మనదవుతుందా, సాయంత్రం ఇంటికి క్షేమంగా వస్తామా అన్నది పెద్ద ప్రశ్న.

రైలు తెచ్చిన కబురు

తలుపు తెరిచి ఉందని తెలియాలి కదా. ఆ కబురు రైల్లో వచ్చింది.

రాబర్ట్ అబాట్ జార్జియాలో పుట్టి షికాగో చేరినవాడు. 1905లో షికాగో డిఫెండర్ అనే పత్రిక పెట్టాడు. దక్షిణాదిలో జరిగే దారుణాలను పేర్లతో సహా రాసేవాడు, పక్కనే షికాగోలో ఉద్యోగాల ప్రకటనలు వేసేవాడు. దక్షిణాదిలో చాలా ఊళ్ళలో ఆ పత్రిక కనిపిస్తే లాక్కునేవాళ్ళు. అందుకని పుల్‌మన్ రైలు పెట్టెల్లో పనిచేసే నల్లజాతి పోర్టర్లు కట్టలు దాచి తీసుకెళ్ళి స్టేషన్లలో అందించేవాళ్ళు. ఒక కాపీ మంగలి షాపులో, చర్చిలో పదిమంది చేతులు మారేది. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించేవాళ్ళు. 1917 మే 15న అందరూ ఉత్తరాదికి కదలాలని ఆ పత్రిక ఏకంగా తేదీ పెట్టి ప్రచారం చేసింది.

పత్రిక కన్నా గట్టిది ఉత్తరం. ముందు వెళ్ళినవాడు ఇంటికి రాసిన ఉత్తరం, అందులో పెట్టిన డబ్బు. మా బాబాయి అక్కడే ఉన్నాడు, మా వీధి ఆయన పనిలో పెట్టిస్తానన్నాడు అనే భరోసా. అందుకే ఈ వలస ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా జరగలేదు. రైలు మార్గం ఎటు పోతే అటే పోయింది. ఇల్లినాయ్ సెంట్రల్ రైలు న్యూ ఆర్లీన్స్ నుంచి మిసిసిపి మీదుగా షికాగో వెళ్ళేది. మిసిసిపి జనం షికాగో చేరారు. కరోలినా, వర్జీనియా వాళ్ళు ఫిలడెల్ఫియా, న్యూయార్క్ పోయారు. లూసియానా, టెక్సాస్ వాళ్ళు తర్వాత కాలిఫోర్నియా పట్టారు.

షికాగోలో నల్లజాతి జనాభా 1910లో 44,103. 1920లో 1,09,458. 1930లో 2,33,903. డెట్రాయిట్‌లో అయితే 1910లో 5,741 మంది ఉన్నది, ఇరవై ఏళ్ళలో లక్షా ఇరవై వేలు అయింది.

మన సంగతి వేరా? జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు, పాలమూరు నుంచి డ్యాముల పనులకు, తెలంగాణ పద్మశాలీలు షోలాపూర్, భివండి, సూరత్ మగ్గాలకు వెళ్ళింది ఇదే పద్ధతిలో. ఒకడు వెళ్తాడు, వాడి వెనక వాడ మొత్తం వెళ్తుంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో ఊరికే అనలేదు. ఆ మూడు చోట్లా మనోళ్ళు ముందే ఉన్నారు కాబట్టి ఆ మూడే మన దారులయ్యాయి.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్ళకు ఇంకో పేరు గుర్తుండాలి, రంగం. అంటే రంగూన్. బర్మా 1937 వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమే. కాకినాడలోనో విశాఖలోనో ఓడ ఎక్కి రంగం పోయిన కూలీ, కాగితాల ప్రకారం ఒకే దేశంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళినట్టే. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో వెళ్ళేవాళ్ళు, అక్కడ ధాన్యం మిల్లుల్లో, ఓడరేవులో చాకిరీ చేసి ఆ అడ్వాన్సు తీర్చేవాళ్ళు. 1937లో గీత మారింది. మనిషి కదలకుండానే విదేశీయుడయ్యాడు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు ప్రాణాలు అరచేత పట్టుకుని వెనక్కి నడిచారు. దేశం లోపలి వలస, బయటి వలస అని మనం విడదీసే గీత అంత గట్టిదేమీ కాదని అది చెబుతుంది.

పోనివ్వని వాళ్ళు

ఇప్పుడు మేకన్ లైసెన్సు దగ్గరికి మళ్ళీ వద్దాం. దక్షిణాది మొత్తం సంపద చౌక చాకిరీ మీద నిలబడింది. మనిషి వెళ్ళిపోగలడు అనేసరికి ఆ చౌక పోతుంది. అందుకే కంగారు. కొన్ని చోట్ల వలస మొదలయ్యాక కూలి రేట్లు పెంచాల్సి వచ్చింది. వెళ్ళినవాళ్ళ వల్ల, వెళ్ళని వాళ్ళకు కూడా బేరమాడే బలం కొంచెం వచ్చింది.

ఈ కంగారు ఎంత దూరం పోతుందో 1927లో కనిపించింది. ఏప్రిల్‌లో మిసిసిపి నదికి పెద్ద వరద. 21న మౌండ్స్ ల్యాండింగ్ దగ్గర కరకట్ట తెగింది. దగ్గర్లోని గ్రీన్‌విల్ పట్టణంలో దాదాపు 13,000 మంది నల్లజాతి ప్రజలు మిగిలిన కరకట్ట మీద ఇరుక్కుపోయారు. వాళ్ళను తీసుకెళ్ళడానికి పడవలు వచ్చాయి. తెల్లవాళ్ళు ఎక్కారు. నల్లవాళ్ళను ఎక్కించకూడదని తోటల యజమానులు పట్టుబట్టారు. ఒకసారి పడవెక్కితే మళ్ళీ పత్తి చేలకు తిరిగిరారని భయం. నీళ్ళ మధ్య, తుపాకీ కాపలాలో, మెడలో చీటీలు కట్టించి, వాళ్ళతోనే కట్ట పనులు, సామాను మోత పనులు చేయించారు. వరద తగ్గాక ఆ ప్రాంతం నుంచి వేలమంది షికాగో రైలెక్కారు.

ఈ భాగం చదువుతుంటే మీలో కొందరికి పాస్‌పోర్ట్ గుర్తొచ్చి ఉంటుంది. యజమాని బీరువాలో ఉన్న పాస్‌పోర్ట్. ఊరు మారింది, కాలం మారింది, మనిషిని పట్టి ఉంచే ఉపాయం మాత్రం పెద్దగా మారలేదు. అయితే ఒక తేడా చెప్పకపోతే తప్పవుతుంది. దక్షిణాది నల్లవాళ్ళు తమ సొంత దేశంలో, తాము పౌరులైన దేశంలో ఇదంతా అనుభవించారు. తిరిగి వెళ్ళడానికి వేరే దేశం లేదు వాళ్ళకు.

రానివ్వని వాళ్ళు

వెళ్ళిన చోట పూలదండలేమీ వెయ్యలేదు. షికాగోలో నల్లవాళ్ళకు ఇళ్ళిచ్చేది సౌత్ సైడ్‌లో ఒక పొడవాటి ఇరుకు పట్టీలో మాత్రమే. జనం పెరిగారు, స్థలం పెరగలేదు, అద్దెలు పెరిగాయి. ఒక ఫ్లాట్‌ను గదులుగా కోసి, ఒక్కో గదిలో ఒక కుటుంబాన్ని పెట్టేవాళ్ళు. 1919 జులై 27న మిషిగన్ సరస్సులో ఈత కొడుతున్న యూజీన్ విలియమ్స్ అనే కుర్రాడు, కంటికి కనిపించని రంగు గీత దాటాడని రాళ్ళు విసిరితే మునిగి చనిపోయాడు. తర్వాత జరిగిన అల్లర్లలో 38 మంది పోయారు, వాళ్ళలో 23 మంది నల్లవాళ్ళు. ఇంటి దస్తావేజులోనే నల్లవాళ్ళకు అమ్మకూడదని షరతు రాసుకునే పద్ధతి ఉండేది. కోర్టులు అలాంటి షరతును అమలు చెయ్యకూడదని 1948లో గానీ సుప్రీంకోర్టు చెప్పలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళ క్లాసులు కూడా ఉండేవి. రోడ్డు మీద గట్టిగా మాట్లాడొద్దు, పని బట్టలతో బయట తిరగొద్దు, మన పరువు తియ్యొద్దు అని షికాగో అర్బన్ లీగ్ కార్డులు పంచింది, డిఫెండర్ జాబితాలు అచ్చేసింది. కొత్తగా అమెరికా వచ్చిన మన పిల్లలకు సీనియర్లు వాట్సాప్‌లో పంపే జాగ్రత్తలు గుర్తొస్తే నవ్వుకోండి, పర్లేదు.

రానివ్వకపోవడం నల్లవాళ్ళకే పరిమితం కాలేదు. 1930లలో ఓక్లహోమా, టెక్సాస్, ఆర్కాన్సా నుంచి లక్షలమంది తెల్ల రైతులు, కౌలుదారులు పడమటికి కదిలారు. దుమ్ము తుపానులే కారణం అని మనం చదువుతాం. కానీ కాలిఫోర్నియా చేరినవాళ్ళలో ఎక్కువమంది దుమ్ము ప్రాంతాల వాళ్ళు కాదు, పత్తి ప్రాంతాల కౌలుదారులు. పంట తగ్గిస్తే ప్రభుత్వం డబ్బిస్తుంది, ట్రాక్టర్ వచ్చింది, ఇక కౌలుదారు ఎందుకని భూస్వాములు ఖాళీ చేయించారు. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్ పోలీస్ చీఫ్ తన 136 మంది పోలీసులను ఏకంగా రాష్ట్ర సరిహద్దులకు పంపి, డబ్బులేని వాళ్ళను వెనక్కి తిప్పించాడు. నగర పోలీసులకు రాష్ట్ర సరిహద్దులో ఏం పని అని అడిగినవాళ్ళు ఉన్నారు, ఆగిందయితే కొన్ని వారాల తర్వాతే.

1939 చివర్లో ఫ్రెడ్ ఎడ్వర్డ్స్ అనే కాలిఫోర్నియా వాసి టెక్సాస్‌లోని స్పర్ అనే ఊరికి కారులో వెళ్ళి, భార్య తమ్ముణ్ణి, మన మాటలో బామ్మర్దిని, ఇంటికి తెచ్చుకున్నాడు. బామ్మర్ది బయలుదేరినప్పుడు జేబులో ఉన్నది ఇరవై డాలర్లు. చేరేసరికి అదీ లేదు. డబ్బులేని మనిషిని రాష్ట్రంలోకి తేవడం కాలిఫోర్నియాలో నేరం. ఎడ్వర్డ్స్‌కు శిక్ష పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1941 నవంబర్‌లో కోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేసింది. పేదవాడైనంత మాత్రాన మనిషిని రాష్ట్రం హద్దు దగ్గర ఆపడానికి వీల్లేదని తేలింది. అమెరికాలో ఏ రాష్ట్రానికైనా ఉద్యోగం మారి, సామాను కారులో వేసుకుని వెళ్ళగలుగుతున్నామంటే దాని వెనక ఈ బామ్మర్ది కేసు కూడా ఉంది.

దొర మాట మార్చాడు

కథలో చివరి మలుపు పత్తి చేలోనే వచ్చింది. 1944 అక్టోబర్ 2న మిసిసిపిలో క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ అనే తోటలో పత్తి తీసే యంత్రాలను జనం ముందు నడిపి చూపించారు. ఒక యంత్రం యాభైమంది కూలీల పని చేసింది. చేత్తో తీస్తే ఒక బేలుకు 39 డాలర్ల 41 సెంట్లు అయ్యే ఖర్చు, యంత్రంతో 5 డాలర్ల 26 సెంట్లకు దిగింది. నిన్నటిదాకా పోనివ్వని దొర ఇక పొమ్మన్నాడు. వలస రెండో దశ మొదటిదాని కన్నా చాలా పెద్దది. ఈసారి కాలిఫోర్నియా యుద్ధ ఫ్యాక్టరీలు, ఓడల తయారీ కూడా తోడయ్యాయి.

వెళ్ళినవాళ్ళకు ఏం దక్కింది? ఇళ్ళ దగ్గర వివక్ష తప్పలేదు, ఫ్యాక్టరీల్లో హీనమైన పనే ముందు వాళ్ళకిచ్చేవాళ్ళు. కానీ ఓటు దక్కింది. 1928లో షికాగో నుంచి ఆస్కార్ డి ప్రీస్ట్ కాంగ్రెస్‌కు గెలిచాడు. ఉత్తరాది నుంచి గెలిచిన మొదటి నల్లజాతి సభ్యుడు ఆయనే. నగరాల్లో ఓట్లు కూడాక రెండు పార్టీలూ లెక్కచెయ్యాల్సి వచ్చింది. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం వెనక దక్షిణాదిలో నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళ పోరాటం ఉంది, ఉత్తరాదికి వెళ్ళినవాళ్ళ ఓటు బలమూ ఉంది. ఓటు హక్కు చట్టం చేసిన అదే కాంగ్రెస్, అదే 1965లో, దేశాన్ని బట్టి కోటాలు పెట్టిన పాత వలస చట్టాన్ని తీసేసింది. అమెరికాలో ఈ పాడ్‌కాస్ట్ వింటున్న తెలుగువాళ్ళలో చాలామంది అడుగుపెట్టింది ఆ తలుపులోంచే. మిసిసిపి నుంచి షికాగో వెళ్ళిన కూలీకి, మనకు ఉన్న చుట్టరికం ఇది.

1970ల తర్వాత రైలు దిశ మారింది. ఉత్తరాది ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, దక్షిణాదిలో చట్టం మారింది, అట్లాంటా లాంటి నగరాలు పెరిగాయి. వెళ్ళినవాళ్ళ మనవలు వెనక్కి రావడం మొదలుపెట్టారు. ఇందులో ప్రేమ ఉంది, లెక్క కూడా ఉంది. తాతలు వదిలింది మట్టిని కాదు, ఆ మట్టి మీద తమను బతకనివ్వని పద్ధతిని. పద్ధతి మారాక మట్టి మళ్ళీ తమదే అనిపించింది.

కాబట్టి మనుషులు ఎందుకు కదులుతారు అంటే ఒక్క మాటలో తేలదు. ఉండలేని స్థితి ఉండాలి, అవతల తలుపు తెరుచుకోవాలి, తెరుచుకుందని నమ్మకంగా చెప్పే మనిషి ఒకరు అక్కడ ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటి తక్కువైనా మనిషి కష్టాన్ని భరిస్తూ అక్కడే ఉండిపోతాడు. యాభై ఏళ్ళయినా ఉంటాడు. మూడూ కలిస్తే 25,000 డాలర్ల లైసెన్సు కూడా ఆపలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే, "అంత దూరం ఎందుకు పోయావురా, డబ్బు కోసమేగా" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అవునని మనమూ నవ్వేసి ఊరుకుంటాం. ఈసారి ఫోన్ చేసినప్పుడు వేరే ప్రశ్న మీరే అడగండి. మన ఇంట్లో ఊరు దాటిన మొదటి మనిషి ఎవరు? రంగం పోయిన ముత్తాతా, షోలాపూర్ మగ్గం ఎక్కిన తాతా, బొగ్గుబాయిలో దిగిన పెదనాన్నా? వెళ్ళేటప్పుడు ఎవరికి చెప్పారు, ఎవరు వద్దన్నారు, వద్దన్నవాళ్ళకు ఏం నష్టం? చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. మన వలసలకు డిఫెండర్ లాంటి పత్రిక లేదు. ఆ గొంతులే మనకున్న పత్రిక.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.